ఓఎస్ ఎక్కిస్తుండగా కంప్యూటర్ బిగుసుకుపోతే: ఎక్కడ ఆగిందో చూసి లోపం పట్టుకోవడం

విండోస్ ఎక్కిస్తుంటే 37 శాతం దగ్గర ఆగింది. ఆపి మళ్ళీ మొదలుపెడితే ఈసారి 62 దగ్గర ఆగింది. ఇంకో కంప్యూటర్‌లో మూడుసార్లు వేసినా మూడుసార్లూ 37 దగ్గరే ఆగింది. పైకి రెండూ ఒకటే జబ్బులా కనిపిస్తాయి గానీ కావు. ప్రతిసారీ ఒకేచోట ఆగుతుంటే పెన్‌డ్రైవ్‌లోనో, ఐఎస్‌ఓ ఫైల్‌లోనో (ఓఎస్ ఇన్‌స్టాలర్ మొత్తం ఒకే ఫైల్‌గా దించుకునేది), హార్డ్‌డిస్క్‌లోనో ఫలానా చోటు పాడైందని అనుమానించాలి. ఆగే చోటు మారుతుంటే ర్యామ్, వేడి, ఎస్‌ఎంపీఎస్ (యంత్రానికి కరెంటు అందించే డబ్బా) వైపు చూడాలి. ఈ సూత్రం ప్రతిసారీ పట్టకపోవచ్చు, కానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

అందుకే స్క్రూడ్రైవర్ కంటే ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి. ఏ స్క్రీన్ మీద ఆగింది, ఎంత శాతం దగ్గర, ఎన్ని నిమిషాలకు, ఏ పోర్టులో పెన్‌డ్రైవ్ ఉంది అన్నవి రాయండి. ప్రయత్నానికి ఒక్క మార్పే చేయండి. ర్యామ్, కేబుల్, పెన్‌డ్రైవ్ మూడూ ఒకేసారి మార్చేసి బాగుపడిందంటే, ఏది పాడైందో మీకు తెలియదు. మంచి ర్యామ్‌ను పారేసి చెడ్డ కేబుల్‌ను దాచుకునే ప్రమాదం ఉంది.

నెట్ చూసేటప్పుడు బాగున్నది ఇక్కడే ఎందుకు ఆగుతుంది

ఇన్‌స్టాలర్ చేసే పని బరువైనది. విండోస్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వగానే బూట్.విమ్ అనే ఫైల్ మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి, అక్కడే ఎక్స్ అనే తాత్కాలిక డ్రైవ్‌గా నిలబడుతుంది. ఆ తర్వాత ఇన్‌స్టాల్.విమ్ అనే కుదించిన పెద్ద ఫైల్‌ను పెన్‌డ్రైవ్ నుంచి చదివి, ప్రాసెసర్‌తో విప్పి, ర్యామ్ మీదుగా డిస్క్ మీద రాస్తుంది. అంటే యూఎస్‌బీ, ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ నాలుగూ ఒకేసారి, ఆగకుండా పనిచేయాలి. కుదించిన ఫైల్‌లో ఒక్క బిట్ తప్పినా ఆ ముక్క విప్పడం కుదరదు. రోజువారీ వాడకంలో బయటపడని చిన్న లోపం ఇక్కడ బయటపడుతుంది. ఇన్‌స్టాల్ ఆగిపోయిందంటే విండోస్ చెడ్డదని కాదు, చాలాసార్లు అది హార్డ్‌వేర్ చేస్తున్న ఫిర్యాదు.

ముందుగా డేటా

డిస్క్‌లో కావలసిన ఫోటోలు, ట్యాలీ ఫైళ్ళు, సర్టిఫికెట్ల స్కాన్లు ఉంటే ఇక్కడితో ఆగి వాటిని బయటికి తీయండి. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఉబుంటు ఎంచుకుంటే లోపలి డిస్క్‌లోని ఫైళ్ళను కాపీ చేసుకోవచ్చు. పాత విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే సౌకర్యం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్, టీపీఎం అనే భద్రతా సెట్టింగులు ముట్టుకోగానే ఆ కీ అడుగుతుంది. అది దొరక్కపోతే డేటా పోయినట్టే.

నిజంగా ఆగిందా, నెమ్మదిగా నడుస్తోందా

ఎస్‌ఎస్‌డీ, యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ ఉంటే సుమారు 10–20 నిమిషాల్లో విండోస్ ఎక్కుతుంది. పాత హార్డ్‌డిస్క్, యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్ అయితే గంట పట్టినా ఆశ్చర్యం లేదు. శాతం కదలడం లేదని ఐదు నిమిషాలకే పవర్ తీసేయకండి.

క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. కీబోర్డు మీది లైటు వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ బతికే ఉంది. మౌస్ కదులుతోందా, క్యాబినెట్ మీద డిస్క్ లైటు మిణుకుతోందా, పెన్‌డ్రైవ్ లైటు ఆడుతోందా చూడండి. వీటిలో ఏదో ఒకటి కదులుతుంటే 45 నిమిషాలు ఆగండి. క్యాప్స్ లాక్ లైటు కూడా స్పందించక, గుండ్రంగా తిరిగే చుక్కలూ నిలిచిపోతే అది అసలైన ఫ్రీజ్. అప్పుడు పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టి ఆపండి.

ఫ్రీజ్ అనిపించే ఇంకో సందర్భం ఉంది. స్క్రీన్ బాగానే ఉంటుంది, మౌస్, కీబోర్డు మాత్రం పనిచేయవు. పాత విండోస్ 7 డిస్క్‌ను కొత్త బోర్డు మీద వేసేవారికి ఇది ఎదురవుతుంది. విండోస్ 7లో యూఎస్‌బీ 3 డ్రైవర్లు లేవు, కాబట్టి ఇన్‌స్టాలర్‌కు మీ మౌస్ కనిపించదు. బోర్డుకు పీఎస్/2 పోర్టు ఉంటే దానికి పాత కీబోర్డు తగిలించండి.

పెన్‌డ్రైవ్, ఐఎస్‌ఓ: అన్నిటికంటే చౌకైన పరీక్ష

ఎక్కువసార్లు తప్పు ఇక్కడే దొరుకుతుంది, పైగా ఖర్చు లేదు. ఐఎస్‌ఓను మైక్రోసాఫ్ట్ లేదా ఉబుంటు సొంత సైట్ నుంచే దించండి. దించాక ఎస్‌హెచ్‌ఏ256, అంటే ఫైల్ చెడకుండా వచ్చిందో లేదో చెప్పే వేలిముద్ర లాంటి వరుస, సరిచూడండి. 7-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ మెనూలో ఆ పేరు నొక్కితే 64 అక్షరాల వరుస వస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన వరుసతో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ తీసేసి మళ్ళీ దించండి. మొబైల్ హాట్‌స్పాట్ మీద దించిన 5, 6 జీబీ ఫైళ్ళు మధ్యలో తెగిపోవడం మామూలే.

పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీది ఉండాలి. ఐఎస్‌ఓను విప్పి ఫైళ్ళను చేత్తో కాపీ చేసే అలవాటు మానుకోండి. ఫ్యాట్32 ఫార్మాట్‌లో 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా పట్టదు. విండోస్ 11 ఐఎస్‌ఓలోని ఇన్‌స్టాల్.విమ్ ఆ హద్దు దాటుతుంది. కాబట్టి ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్ మీద రాసే రూఫస్ అనే ప్రోగ్రామ్ వాడండి. అందులో పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ, టార్గెట్ దగ్గర యూఈఎఫ్ఐ ఎంచుకోండి. 2012కు ముందటి పాత బోర్డయితే ఎంబీఆర్, బయోస్. అదే స్క్రీన్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్ల కింద బ్యాడ్ బ్లాక్స్ పరీక్ష ఉంటుంది. చాలాసేపు పడుతుంది గానీ అనుమానం ఉన్న పెన్‌డ్రైవ్‌కు ఒకసారి పెట్టండి. ఒకే పెన్‌డ్రైవ్‌లో పది ఐఎస్‌ఓలు పెట్టుకునే వెంటోయ్ సౌకర్యమే, కానీ లోపం వెతికే రోజున ఒక పెన్‌డ్రైవ్‌కు ఒకే ఐఎస్‌ఓ ఉంచండి.

64 జీబీ అని రాసి ఉన్నా లోపల 8 మాత్రమే ఉండే నకిలీ పెన్‌డ్రైవ్‌లు బజారులో ఉన్నాయి. రాసేటప్పుడు ఏ తప్పూ చూపించవు, చదివేటప్పుడు మాత్రం చెత్త ఇస్తాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్‌తో నింపి చదివిస్తే నిజం బయటపడుతుంది.

డెస్క్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌ను ముందు ప్యానెల్‌లో పెట్టకండి. ఆ పోర్టుల నుంచి బోర్డుకు పొడవాటి వైరు ఉంటుంది, సిగ్నల్ అక్కడ బలహీనపడుతుంది. వెనక నేరుగా బోర్డు మీదున్న పోర్టులో, వీలైతే నల్లని యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టండి. నెమ్మదిగా నడిచినా నిలకడగా నడుస్తుంది.

బయోస్‌ను మామూలు స్థితికి తేవడం

బయోస్‌లోకి వెళ్ళి లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ కొట్టండి. ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ, ఎక్స్‌పో, ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ అన్నీ ఆపండి. 3200 అని రాసి ఉన్న ర్యామ్ 2133 లేదా 2400 మీద నడిచినా ఇప్పుడు పర్వాలేదు. శాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండాలి. తేదీ, టైము ప్రతిసారీ పాత ఏడాదికి పోతుంటే సీఆర్2032 బటన్ సెల్ మార్చండి.

ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. అప్పుడు విండోస్ ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించదు. ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పి, పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, డిస్క్ ఎంచుకునే స్క్రీన్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి దాన్ని చూపించండి. వీఎండీని ఆపేసినా పనవుతుంది. కాకపోతే డిస్క్‌లో ముందే ఒక ఓఎస్ ఉంటే అది బూట్ కాకుండా పోవచ్చు.

13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఉన్నవారు, ముఖ్యంగా ఐ7, ఐ9 వాడేవారు ఒక సంగతి గమనించాలి. కొన్ని చిప్‌లు ఎక్కువ వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని బయటపడి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (చిప్ లోపలి సూచనల) సవరణలు విడుదల చేసింది. బాక్స్‌లో కొన్న చిప్‌లకు వారంటీని రెండేళ్ళు పొడిగించింది. పెద్ద ఫైళ్ళను విప్పేటప్పుడు తప్పులు రావడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. ఇన్‌స్టాలర్ చేసేది సరిగ్గా ఆ పనే. బోర్డు తయారీదారు ఇచ్చిన తాజా బయోస్ వేసి చూడండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ సవరణా బాగుచేయదు, దాన్ని వారంటీలో మార్పించుకోవాలి. బయోస్ అప్‌డేట్ నడుస్తున్నంతసేపు కరెంటు పోకూడదు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోకండి.

లోగో దగ్గరే ఆగడం, లేదా లోగో కనిపించి రీస్టార్ట్ అవుతూ ఉండటం కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్ కాలపు యంత్రాల్లో జరిగితే వెతకడం మానేయండి. విండోస్ 11 24హెచ్2 నుంచి పాప్‌కౌంట్ అనే ప్రాసెసర్ సూచన తప్పనిసరి. ఆ చిప్‌లలో అది లేదు. టీపీఎం పరీక్షను దాటవేసే ఉపాయాలు ఇక్కడ పనిచేయవు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, అలాంటి యంత్రానికి లినక్స్ మింట్ లాంటిదే సరైన దారి.

ర్యామ్

ఆగే చోటు ప్రతిసారీ మారుతుంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఫైల్ పాడైందని చెబుతూ చివర 80070570 అని ఉన్న ఎర్రర్ వచ్చి, పెన్‌డ్రైవ్ మార్చినా అదే వస్తుంటే కూడా ర్యామ్‌నే అనుమానించాలి.

పవర్ ప్లగ్ తీసేయండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కనెక్టర్ కూడా తీయండి. పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన ఛార్జిని వదిలించండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకాక ర్యామ్ ముక్కలు బయటికి తీయండి. బంగారు రంగు కాళ్ళను మెత్తటి పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రుద్ది, పొడి పూర్తిగా దులిపేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే దూదితో తుడవండి, రబ్బరు కంటే అదే మేలు. స్లాట్‌లోకి నోటితో ఊదకండి, తేమ చేరుతుంది.

ఇప్పుడు ఒక్క ముక్కే పెట్టండి. నాలుగు స్లాట్‌లున్న బోర్డుల్లో చాలావరకు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది దాని చోటు. రెండు వైపులా క్లిప్ టక్కున పడాలి. దీంతో ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఆగితే ముక్క మార్చండి, మళ్ళీ ఆగితే స్లాట్ మార్చండి. ఒక ముక్క ఏ స్లాట్‌లో పెట్టినా చెడితే ముక్క పోయింది. ఒక స్లాట్‌లో ఏ ముక్క పెట్టినా చెడితే స్లాట్ పోయింది, లేదా ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ను వంగింది. వేర్వేరు కంపెనీల, వేర్వేరు వేగాల ముక్కలు విడివిడిగా బాగుండి కలిపితే చెడవచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో ర్యామ్ కొని కలిపినవారికి ఇది తరచూ ఎదురవుతుంది.

గట్టి పరీక్ష మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్. పెన్‌డ్రైవ్ మీద రాసి బూట్ చేసి నాలుగు పాస్‌లు నడపండి, రాత్రి పెట్టి పొద్దున చూడొచ్చు. పరీక్ష ఫలితంలో ఒక్క ఎర్రర్ కూడా ఉండకూడదు. 16 జీబీలో ఒక్కటే కదా అని వదిలేస్తే, ఇన్‌స్టాల్ అయ్యాక నెలకోసారి నీలం స్క్రీన్ రూపంలో అది తిరిగి వస్తుంది.

డిస్క్

డిస్క్ ఎంచుకునే స్క్రీన్ రావడానికే పది, పదిహేను నిమిషాలు పడుతుంటే డిస్క్ జబ్బుతో ఉందని దాదాపు తేలినట్టే. పాడైన సెక్టార్‌ను చదవడానికి అది మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంటే ఇన్‌స్టాలర్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఖాయం చేసుకోవడానికి లోపలి డిస్క్ కేబుల్ పీకేసి, పెన్‌డ్రైవ్ ఒక్కదానితో ఇన్‌స్టాలర్ బూట్ చేయండి. చకచకా డిస్క్ స్క్రీన్ దాకా వెళ్ళి డ్రైవ్ లేదని చెబితే దోషి ఎవరో తెలిసింది.

కానీ డిస్క్ కొనేముందు 100 రూపాయల శాటా కేబుల్ మార్చండి. కేబుల్ వదులైనా, మడత పడినా లక్షణాలు పాడైన డిస్క్‌లాగే ఉంటాయి. ఉబుంటు లైవ్‌లో డిస్క్స్ యాప్ తెరిచి స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే అంకెలు) చూస్తే తేడా తెలుస్తుంది. రీఅలొకేటెడ్ సెక్టార్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అంకెలు సున్నా కాకుండా పెరుగుతుంటే డిస్క్ మార్చాలి. 199వ వరుసలోని సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ ఒక్కటే పెరుగుతుంటే తప్పు కేబుల్‌ది. ఈ అంకె ఎప్పటికీ తగ్గదు, కాబట్టి కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడండి. ఎం.2 ఎస్‌ఎస్‌డీ అయితే స్క్రూ తీసి, బయటికి లాగి, మళ్ళీ గట్టిగా దింపండి.

డిస్క్ బాగుండి, దాని మీది పాత పార్టిషన్లు చిక్కుపడి ఉంటే మొత్తం తుడిచేయాలి. విండోస్ ఇన్‌స్టాలర్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్లని కమాండ్ కిటికీ వస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలపాలి. అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో వరుసగా కొట్టండి: డిస్క్‌పార్ట్, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 0, క్లీన్, కన్వర్ట్ జీపీటీ, ఎగ్జిట్. ఒక్కో కమాండ్ తర్వాత ఎంటర్. లిస్ట్ డిస్క్ చూపించిన సైజును బట్టే అంకె ఎంచుకోండి. ప్రతి కంప్యూటర్‌లో 0 అంటే మీరనుకున్న డిస్కే కాదు. క్లీన్ కొట్టాక వెనక్కి తీసుకునే బటన్ ఉండదు. ఇంట్లో డేటా ఉన్న రెండో డిస్క్ ఉంటే ఈ పనికి ముందు దాని కేబుల్ పీకి పక్కన పెట్టండి.

వేడి, కరెంటు

రోహిణీ కార్తెలో గది వేడే 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళలో, దుమ్ము పట్టిన హీట్‌సింక్‌తో పెద్ద ఫైళ్ళు విప్పే పని కష్టం. బయోస్‌లో హార్డ్‌వేర్ మానిటర్ పేజీ తెరిచి పది నిమిషాలు అలాగే వదలండి. ఏ పనీ లేకుండానే ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటితే కూలర్ సరిగా కూర్చోలేదు లేదా పేస్టు ఎండిపోయింది. పాత పేస్టు పూర్తిగా తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టి కూలర్ బిగించండి. వేడి మరీ ఎక్కువైతే యంత్రం ఫ్రీజ్ కావడం కంటే ఉన్నట్టుండి ఆరిపోతుంది, ఆ తేడా గుర్తుంచుకోండి.

ఎస్‌ఎంపీఎస్ అనుమానం వస్తే మల్టీమీటర్‌తో, యంత్రం పనిచేస్తుండగా, మోలెక్స్ అనే నాలుగు పిన్నుల ప్లగ్‌లో పసుపు, నలుపు తీగల మధ్య కొలవండి. 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. ఎరుపు, నలుపు మధ్య 4.75 నుంచి 5.25. మీటర్ బాగానే చూపించినా క్షణకాలం పడిపోయే వోల్టేజీ దానికి దొరకదు, కాబట్టి తెలిసిన మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడటమే తుది పరీక్ష. దాని డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జి నిలిచి ఉంటుంది.

లినక్స్‌లో స్క్రీన్ నల్లబడితే

ఉబుంటు మెనూ వచ్చి, ఆ తర్వాత నల్లని తెరతో ఆగితే, అందులోనూ ఎన్‌విడియా కార్డు ఉంటే, ముందు గ్రాఫిక్స్‌నే అనుమానించండి. మెనూలో సేఫ్ గ్రాఫిక్స్ అనే వరుస ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే ఇన్‌స్టాల్ వరుస మీద ఉంచి ఇ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివరికి వెళ్ళి, క్వయట్ స్ప్లాష్ అన్న రెండు మాటలు తీసేసి, నోమోడ్‌సెట్ అని ఖాళీ లేకుండా చిన్న అక్షరాల్లో కొట్టి (ఎన్, ఓ, ఎమ్, ఓ, డి, ఇ, ఎస్, ఇ, టి) ఎఫ్10 నొక్కండి. కార్డు డ్రైవర్‌ను కదపకుండా బయోస్ ఇచ్చిన సాదా తెరతోనే నడవమని దాని అర్థం. క్వయట్ స్ప్లాష్ తీసేయడం వల్ల ఆగిన చోట చివరి వరుసలు కూడా కనిపిస్తాయి. ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక అడిషనల్ డ్రైవర్స్ నుంచి ఎన్‌విడియా సొంత డ్రైవర్ వేస్తే మళ్ళీ నోమోడ్‌సెట్ అక్కర్లేదు.

జే1900, ఎన్3540 లాంటి బేట్రయల్ చిప్‌లున్న చిన్న ల్యాప్‌టాప్‌లు లినక్స్‌లో ఎప్పుడుపడితే అప్పుడు బిగుసుకుపోతాయి. వాటికి అదే వరుసలో ఇంటెల్_ఐడిల్.మ్యాక్స్_సీస్టేట్=1 (ఇంగ్లీషులో intel_idle.max_cstate=1) చేర్చాలి. మొదటి తరం రైజెన్ ఖాళీగా ఉన్నప్పుడు ఆగుతుంటే బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ను టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చండి.

రీస్టార్ట్ తర్వాత ఆగితే

ఫైళ్ళు కాపీ అయి మొదటి రీస్టార్ట్ కాగానే పెన్‌డ్రైవ్ తీసేయండి. లేకపోతే కొన్ని యంత్రాలు మళ్ళీ దాని నుంచే బూట్ అయి, ఇన్‌స్టాల్ మొదటికి వచ్చిందని కంగారు పెడతాయి.

గెటింగ్ డివైసెస్ రెడీ దగ్గర ఆగితే విండోస్ అప్పుడు ఒక్కో పరికరాన్ని పలకరించి డ్రైవర్ వేస్తోందన్నమాట. ప్రింటర్, వెబ్‌క్యామ్, వైఫై డాంగిల్, కార్డ్ రీడర్, రెండో డిస్క్ అన్నీ పీకి, కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంచండి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే విడి కార్డు కూడా తీసి, మానిటర్‌ను బోర్డుకు తగిలించండి. ఈ దశలో పవర్ ఆపేస్తే మళ్ళీ బూట్ చేసినప్పుడు కంప్యూటర్ అనుకోకుండా రీస్టార్ట్ అయిందన్న సందేశం తిరిగి తిరిగి రావచ్చు. రిజిస్ట్రీలో అంకె మార్చి దాన్ని దాటించే చిట్కా ఉంది, కానీ సగంలో తెగిన సిస్టమ్ మీద పని చేసుకోవడం మంచిది కాదు. డిస్క్ తుడిచి మొదటి నుంచి వేయండి.

చివర్లో జస్ట్ ఎ మొమెంట్ అంటూ తిరుగుతూ ఉంటే అది ఎక్కువసార్లు నెట్ సంగతే. విండోస్ అప్‌డేట్లు దించుకుంటోంది. గంట దాటితే ల్యాన్ కేబుల్ పీకండి లేదా రౌటర్ ఆపండి.

ఇంతా చేసినా అంతు చిక్కకపోతే షిఫ్ట్, ఎఫ్10 నొక్కి నోట్‌ప్యాడ్ తెరిచి, ఎక్స్ డ్రైవ్‌లో విండోస్ కింద ప్యాంథర్ ఫోల్డర్‌లోని సెటప్‌యాక్ట్ లాగ్ చూడండి. ఫైళ్ళ కాపీ మొదలయ్యాక ఆగి ఉంటే ఇన్‌స్టాల్ చేస్తున్న డ్రైవ్‌లోని $విండోస్.~బీటీ ఫోల్డర్‌లో, సోర్సెస్ కింద అదే పేరుతో ఉంటుంది. చివరి ఇరవై వరుసలు చదివితే ఆగేముందు ఏ ఫైల్‌ను, ఏ డ్రైవర్‌ను ముట్టుకుందో కనిపిస్తుంది.

ఇన్‌స్టాల్ పూర్తయ్యాక తీసినవన్నీ ఒక్కసారే తిరిగి పెట్టకండి. ముందు రెండో ర్యామ్ ముక్క, ఒక రోజు వాడకం. తర్వాత గ్రాఫిక్స్ కార్డు, మరో రోజు. అన్నిటికంటే చివర ఎక్స్ఎంపీ. దేన్ని తిరిగి పెట్టిన రోజున మళ్ళీ బిగుసుకుపోయిందో కాగితం మీద తేదీతో సహా రాసి ఉంటుంది కాబట్టి, అప్పుడు బిల్లు వెతికి వారంటీకి పంపాల్సిన భాగం ఏదో మీకు తెలుస్తుంది.